కాలింగ్ బెల్లు మూగబోయిందని గోడ పగలగొట్టక్కర్లేదు

మూడు నెలలుగా ఒకే సందేశం నా ఫోనుకు తిరిగి తిరిగి వస్తోంది. చుట్టాలు పంపారు, పాత విద్యార్థులు పంపారు, నేను వైరింగ్ చేసిన ఇళ్లవాళ్లు పంపి "నిజమేనా?" అని అడిగారు. అందులో ఉన్నది ఇది: "కాలింగ్ బెల్లు మోగడం లేదా? వైరు బెల్లుల కాలం అయిపోయింది, బాగు చేయించి డబ్బు తగలేయకండి. గోడలో వైరు పోయి ఉంటుంది, గోడ పగలగొట్టాలి. వైరు బెల్లు రోజంతా కరెంటు తాగుతుంది, వానలో షాకు కొడుతుంది, కరెంటు పోతే మూగబోతుంది. వైర్‌లెస్ బెల్లుకు ఈ బాధలేవీ లేవు. పెట్టాక పైసా ఖర్చుండదు, 300 మీటర్ల దూరానికీ మోగుతుంది." చివర ఒక చిట్కా కూడా తగిలించారు: "అనుమానముంటే గుమ్మం దగ్గరి స్విచ్ విప్పి, వెనకున్న రెండు వైర్లనూ ఒకదానికొకటి తాకించి చూడండి. మోగితే స్విచ్ పోయినట్టు, మోగకపోతే వైరు పోయినట్టు."

పాతికేళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్నాను. కొన్నేళ్లుగా ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లలకు అదే పని నేర్పుతున్నాను. ఈ సందేశంలోని ఒక్కో మాటకూ జవాబు చెప్పవలసే ఉంది. కానీ ముందుగా ఆ చివరి చిట్కా సంగతి చూడాలి. మిగతా మాటలు నమ్మితే పోయేది డబ్బే. దీన్ని నమ్మితే మనిషి పోవచ్చు.

ఆ చిట్కా అమెరికాలో చెల్లుతుంది. అక్కడ ఇంటి కరెంటు 120 వోల్టులు. బెల్లు కోసం దాన్ని ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సాధారణంగా 16 వోల్టులకు దించుతుంది. గుమ్మం దగ్గరి మీటకు వచ్చేది ఆ 16 వోల్టులే కాబట్టి రెండు తీగలూ చేత్తో పట్టుకుని కలిపినా పెద్దగా ఏమీ కాదు. అక్కడ ఉన్న మనవాళ్లు తమ ఇంట్లో అలా చేసి చూసుకుంటే తప్పు లేదు. మన ఇళ్లలో మాత్రం మామూలుగా బెల్లుకు ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. బోర్డులోని 230 వోల్టుల ఫేజు, అంటే కరెంటు ఉన్న తీగ, నేరుగా గేటు పక్కన ఉన్న మీటకు (బెల్ పుష్‌కు) వస్తుంది. అక్కడి నుంచి బెల్లులోని తీగ చుట్టకు (కాయిల్‌కు), దాని గుండా న్యూట్రల్‌కు, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగకు, పోతుంది. తడి అరుగు మీద ఒట్టి కాళ్లతో నిలబడి, ఆ తీగలను చేత్తో పట్టుకుని తాకించమని చెబుతున్నారు. ఈ సందేశం మీ దగ్గర ఉంటే, కనీసం ఆ ఒక్క వాక్యం కోసమైనా ఇంకెవరికీ పంపకండి.

మన ఇంట్లో బెల్ పుష్ విప్పే పద్ధతి ఇది. మెయిన్ బోర్డులో ఆ లైనుకు సంబంధించిన చిన్న స్విచ్ (ఎంసీబీ) దించండి. ఏది దేనిదో తెలియకపోతే మెయిన్ ఆపేయండి. టెస్టర్‌ను ముందుగా కరెంటు ఉన్న ఏదైనా ప్లగ్గులో పెట్టి అది వెలుగుతోందని చూసుకోండి. చెడిపోయిన టెస్టర్ ఎక్కడ పెట్టినా వెలగదు, దాన్ని నమ్మి చాలామంది షాకు తిన్నారు. కరెంటు ఆపాక పుష్ తీగలకు ఆ టెస్టర్ తాకించి, వెలగకపోతేనే చెయ్యి పెట్టాలి. ఇవన్నీ మనవల్ల కాదనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక "గోడలో వైరు పోయి ఉంటుంది" అన్న మాట. అందరినీ భయపెట్టేది ఇదే, తప్పు ఎక్కువగా ఉన్నదీ ఇందులోనే. గోడలోని రాగి తీగ పీవీసీ పైపులో, ప్లాస్టిక్ తొడుగు లోపల, ఎండా వానా తగలకుండా, కదలకుండా పడి ఉంటుంది. కదలని వస్తువు అంత తేలిగ్గా అరగదు. బెల్లు వ్యవస్థ మొత్తంలో కదిలేవి రెండే: గుమ్మం బయట వేలితో నొక్కే మీట, లోపల బెల్లులో ఊగే ఇనుప కడ్డీ. నేను చూసిన మూగ బెల్లుల్లో దాదాపు అన్నిటికీ రోగం ఈ రెండు చోట్లే ఉంది.

నిరుడు వానాకాలంలో రాజమహేంద్రవరంలో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. బెల్లు మోగక రెండు నెలలైంది. అంతకుముందు ఎవరో వచ్చి, ఏదీ విప్పకుండానే, లోపల వైరు కాలిపోయిందమ్మా, వరండా గోడ చెక్కాలి అని చెప్పి వెళ్లారట. ఆమె భయపడి వైర్‌లెస్ బెల్లు తెప్పించుకున్నారు. ఆరు వారాలకు దాని మీటలో బ్యాటరీ అయిపోయింది. అయిపోయిందని ఎవరికి తెలుస్తుంది? బయటివాడు నొక్కి, మోగిందనుకుని కాసేపు నిలబడి వెళ్లిపోతాడు. లోపల ఉన్నవాళ్లు ఎవరూ రాలేదనుకుంటారు. పోస్ట్‌మన్ రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్లాడని ఆమెకు పక్కింటివాళ్లు చెబితే తెలిసింది.

మెయిన్ ఆపి పాత బెల్ పుష్ విప్పాను. ఒకప్పటి తెల్ల ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారి ఉంది. మూత ఎత్తగానే లోపల నుంచి మెత్తటి ఎర్రమన్ను జలజలా రాలింది. చీమలు పుష్ నిండా మన్ను కూరి కాపురం పెట్టాయి. ఆ మన్ను కింద రెండు ఇత్తడి రేకులు, వాటి మీద పచ్చటి చిలుము. మీట నొక్కితే ఒక రేకు వచ్చి రెండోదానికి తాకాలి. తాకుతోంది కానీ మధ్యలో చిలుము ఉంటే కరెంటు పోదు. మన్ను దులిపి, సన్న గరుకు కాగితంతో రేకులు మెరిసేదాకా రుద్ది, వదులైన మరలు బిగించి, మెయిన్ వేసి నొక్కాను. టింగ్ అంది. వేలు తీశాను. టాంగ్ అంది. ఇరవై నిమిషాల పని. ఆమె గుమ్మంలోకి వచ్చి, "ఇంకోసారి నొక్కు బాబూ" అన్నారు.

రేకులు బాగా అరిగిపోయి ఉంటే పుష్ మార్చాలి. మామూలు పియానో రకం వంద రూపాయల లోపే దొరుకుతుంది. అదీ కాకపోతే బెల్లు చూడాలి. చెవి పెట్టి వింటే చాలా తెలుస్తుంది. టింగ్ టాంగ్ బెల్లులో ఒక కాయిల్, దాని మధ్య జారే ఇనుప కడ్డీ, ఒక స్ప్రింగు, అటొకటి ఇటొకటి రెండు లోహపు పలకలు ఉంటాయి. నొక్కినప్పుడు కాయిల్ అయస్కాంతమై కడ్డీని లాగితే టింగ్. వదిలినప్పుడు స్ప్రింగు వెనక్కి తోస్తే టాంగ్. నొక్కితే గుర్రుమన్న చప్పుడు మాత్రమే వస్తే కరెంటు చక్కగా వస్తోందని అర్థం, కడ్డీ మాత్రం దుమ్ముతో, వంటింటి జిడ్డుతో బిగుసుకుంది. టింగ్ వచ్చి టాంగ్ రాకపోతే కడ్డీ వెనక్కి రావడం లేదు. రెండింటికీ మందు ఒకటే: కరెంటు ఆపి, కడ్డీ తీసి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడవడం. నూనె మాత్రం వేయకండి. మొదటి నాలుగు రోజులు జారినట్టే ఉంటుంది, తర్వాత ఆ నూనెకే దుమ్ము అంటుకుని ముద్దగా తయారవుతుంది.

కాయిల్ కాలిపోవడమూ ఉంది. ఒక్క క్షణం నొక్కి వదలడానికి చేసిన కాయిల్ అది. మీట లోపలికి ఇరుక్కుపోయి అలాగే ఉండిపోతే వేడెక్కి మాడుతుంది, వాసన పట్టిస్తుంది. అప్పుడు కూడా మార్చవలసింది బెల్లును, వైరును కాదు. పాటలు పాడే ఎలక్ట్రానిక్ బెల్లు పోయినా అంతే. అవే రెండు తీగలకు కొత్త బెల్లు తగిలించుకోవచ్చు.

నిజంగానే వైరు తెగిన ఇళ్లూ ఉన్నాయి. పేరు పలక బిగిస్తూనో, గ్రిల్లు పెడుతూనో డ్రిల్లింగ్ మిషన్ పైపులోకి దించినవాళ్లు ఉంటారు. అప్పుడైనా ముందు చేసే పని గోడ చెక్కడం కాదు. తెగని పాత తీగకు కొత్త తీగ కట్టి లాగుతాం, లేదంటే పైపులోకి గట్టి ఇనుప తీగ (జీఐ తీగ) తోసి దానితో లాగుతాం. పైపు నలిగిపోయి, సిమెంటు దిగి, ఎటూ లాగడానికి వీల్లేకపోతే అప్పుడు వైర్‌లెస్ పెట్టుకోమని నేనే చెబుతాను.

"రోజంతా కరెంటు తాగుతుంది" అన్నది లెక్కకు నిలవదు. మీట నొక్కనంతసేపూ ఆ సర్క్యూట్ తెగే ఉంటుంది, కరెంటు పారదు. బెల్లు 40 వాట్లు లాగుతుందని ఎక్కువే అనుకుందాం. రోజుకు ఇరవైసార్లు, ఒక్కోసారి ఒక సెకను మోగినా ఏడాది మొత్తానికి యూనిట్‌లో పన్నెండో వంతు కూడా కాదు. ప్లగ్గులో పెట్టే వైర్‌లెస్ రిసీవరు మాత్రం ఎవరైనా నొక్కుతారేమోనని ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండాలి. దానికి ఒక్క వాటే అనుకున్నా ఏడాదికి 8.76 యూనిట్లు. అదీ పెద్ద ఖర్చు కాదు, నేను దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ కరెంటు తాగేది ఏదో చెప్పేటప్పుడు తలకిందులుగా చెప్పకూడదు కదా.

షాకు విషయంలో సందేశం చెప్పినదాంట్లో నిజముంది. 230 వోల్టులను గేటు దాకా తెచ్చి, వాన పడే చోట, ఎవరైనా వేలు పెట్టే చోట ఉంచడం మంచి పద్ధతి కాదు. పగిలిన మూత ఉన్న బెల్ పుష్ ఎక్కడ కనిపించినా నాకు గుండె ఝల్లుమంటుంది. పేపరు వేసే కుర్రాడు, పాలు పోసే మనిషి, స్కూలు నుంచి వచ్చే పిల్ల తడి చేతులతో నొక్కేది దాన్నే. అయితే వైరింగే వదిలేయడం ఒక్కటే దారి కాదు. పుష్‌ను సన్‌షేడ్ కిందికి మార్చండి, నీరు దిగని మూత ఉన్న రకం పెట్టండి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బెల్లు సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి. ఇంకా భయముంటే 230 వోల్టులను 12కు దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, 12 వోల్టుల బెల్లు పెట్టించుకుంటే గేటు దాకా వెళ్లేది ఆ పన్నెండే. ఒక తప్పు మాత్రం తప్పకుండా వెతికించండి: కొందరు పుష్‌ను ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో వేస్తారు. బెల్లు మామూలుగానే మోగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ మీట నొక్కకపోయినా బెల్లులోని కాయిల్‌కు ఎప్పుడూ ఫేజు అందుతూనే ఉంటుంది, ముట్టుకుంటే షాకే.

కరెంటు పోతే మూగబోతుందన్నదీ సగమే నిజం. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో బెల్లును ఆ లైనుకు కలిపితే కోత వేళ కూడా మోగుతుంది. కలిపేటప్పుడు ఫేజు, న్యూట్రల్ రెండూ ఆ లైనువే తీసుకోవాలి. ఫేజు ఒకచోట, న్యూట్రల్ మరొకచోట తీసుకుంటే బెల్లు నొక్కిన ప్రతిసారీ ఆర్‌సీసీబీ పడిపోయే అవకాశం ఉంది. ఇక ప్లగ్గులో పెట్టే వైర్‌లెస్ రిసీవరుకు ఆ ప్లగ్గులో కరెంటు లేకపోతే అదీ మూగదే. సందేశం రాసినవారు ఈ సంగతి వదిలేశారు.

"పెట్టాక పైసా ఖర్చుండదు." మీటలో ఉండేది నాణెం లాంటి లిథియం బ్యాటరీనో, చిన్న గొట్టంలాంటి 12 వోల్టుల బ్యాటరీనో. అవి ఎప్పుడో ఒకప్పుడు అయిపోవలసినవే. నొక్కిన బలంతోనే కరెంటు పుట్టించుకునే, బ్యాటరీ అక్కర్లేని మీటలు ఉన్నాయి, ధర ఎక్కువ. నన్ను బాధపెట్టేది ఖర్చు కాదు. ఆ నాణెం బ్యాటరీని పసిపిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని, రెండు గంటల్లోనే అన్నవాహికను లోపల కాల్చేయగలదు. మార్చిన బ్యాటరీని టీవీ పక్కన పడేసే ఇళ్లు నేను ఎన్నో చూశాను. మూతకు మర బిగించి ఉన్న రకమే కొనండి, పాతదాన్ని ఆ క్షణమే పిల్లలకు అందకుండా తీసేయండి. మింగారన్న అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

300 మీటర్లు అన్నది అడ్డేమీ లేని బయలులో కొలిచిన దూరం. ఈ మీటల్లో చాలావరకు 433 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తాయి. కాంక్రీటు శ్లాబు, అందులోని ఇనుప ఊచలు, రేకు గేటు, ఫ్రిజ్ ఇవన్నీ ఆ తరంగాన్ని తినేస్తాయి. రెండు శ్లాబులు దాటి మూడో అంతస్తులో వినిపించకపోతే అందులో వింత లేదు. చవక రకాల్లో పక్క ఫ్లాటు వాళ్ల మీటకు మన బెల్లు మోగడమూ జరుగుతుంది. మీట గోడకు అతికించేముందు చేత్తో పట్టుకుని గేటు మూసి, తలుపులు మూసి, ఇంట్లో అన్ని మూలల నుంచీ విని చూసుకోవాలి.

"కాలం అయిపోయింది" అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. 1831లో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ పొడవైన తీగ గుండా కరెంటు పంపి దూరంలోని గంటను మోగించి చూపాడు. ఆనాటి విద్యుదయస్కాంతమే ఈనాటికీ మీ వాషింగ్ మెషీన్‌లో నీళ్ల వాల్వు తెరుస్తోంది.

వైర్‌లెస్ మీద నాకు పగ లేదు. అద్దె ఇంట్లో గోడ ముట్టుకోనివ్వనప్పుడు, వైరే వేయని పాత పెంకుటింట్లో, గేటుకూ ఇంటికీ మధ్య పెద్ద దొడ్డి ఉన్నప్పుడు అది మంచి వస్తువు. మంచాన ఉన్నవాళ్లు ఎవరినైనా పిలవడానికైతే దాన్ని మించింది లేదు. రాజమహేంద్రవరంలో ఆ పెద్దావిడ కొన్నదాన్ని కూడా పారేయనివ్వలేదు. కొత్త బ్యాటరీ వేసి, మీటను ఆమె మంచం కోడుకు బిగించి, రిసీవరును మేడ మీద కొడుకు గదిలో పెట్టాను. రాత్రివేళ మంచినీళ్లకో, కాళ్లు పట్టేసినప్పుడో ఆమె ఇప్పుడు దాన్నే నొక్కుతున్నారు. గేటు దగ్గర పాత టింగ్ టాంగే ఉంది.