మిద్దె మీద టమాటా లెక్కలు

మిద్దె తోట పెట్టుకుంటే కూరగాయల ఖర్చు మిగులుతుందని ఇంకెవరైనా నాతో అంటే, వాళ్లను మా మేడ మీదికి తీసుకెళ్లి బిల్లులు చేతిలో పెడతాను. గ్రో బ్యాగులు, కోకోపీట్, వర్మీకంపోస్టు, వేపపిండి. ఎర్రమట్టి ఖరీదు ఒకటైతే, దాన్ని పైకి మోయించిన కూలి ఇంకొకటి. పందిరికి పైపులు, ఎండాకాలానికి షేడ్ నెట్... వద్దులెండి, మొత్తం రాస్తే మా ఆయన చదువుతారు.

తోటంటే నాకు ప్రాణం. మానేదీ లేదు. దాని గురించి జనం చెప్పే గొప్పలతోనే నా గొడవంతా.

టమాటా సంగతే చూడండి. 2023 జూలైలో హైదరాబాదులో కిలో వంద దాటినప్పుడు, 'అందుకే ఇంట్లో పెంచుకోవాలి' అని ప్రతివాళ్లూ సలహా ఇచ్చారు. సరే, ఆ జూలైలో ఎవరి మిద్దె మీద టమాటాలు కాశాయో చెప్పండి. ఏప్రిల్, మే ఎండలకు పూత నిలవదు. పగలు నలభై దగ్గర పడి, రాత్రి కూడా సెగ తగ్గకపోతే పువ్వు వచ్చినట్టే వచ్చి రాలిపోతుంది. పొలాల్లో దిగుబడి పడిపోయి ధర పెరగడానికీ ఆ ఎండ ఒక కారణమే. మనం వానలు పడ్డాక నారు పోసుకుంటే చలికాలంలో విరగకాస్తుంది. అప్పుడు రైతుబజారులోనూ గుట్టలుగానే ఉంటాయి, చవగ్గా. ధర ఉన్నప్పుడు మనకు కాయ ఉండదు, కాయ ఉన్నప్పుడు ధర ఉండదు. ఇందులో మిగిలిందేమిటో నాకర్థం కాదు.

లాభం అనే మాటే కావాలంటే ఆకుకూరల దగ్గర వాడండి, ఒప్పుకుంటాను. తోటకూర చల్లితే నెల తిరక్కుండా పప్పులోకి వస్తుంది. గోంగూర కొమ్మలు తుంచితే మళ్లీ చిగురిస్తుంది. బచ్చలి తీగకు పెద్దగా సేవ కూడా అక్కర్లేదు. ఎందుకో వీటి ఫొటోలు ఎవరూ పెట్టరు.

బీరపాదు మాత్రం మనుషుల్ని ఏడిపించడానికే పుట్టింది. మృగశిర కార్తెలో గింజ పెడితే కళ్లముందే పందిరెక్కుతుంది, గుత్తులుగా పూస్తుంది. కాయ ఒక్కటీ నిలవదు. ముందొచ్చేవన్నీ మగపూలే, అది సహజం, కంగారు పడక్కర్లేదు. ఆడపూలు మొదలయ్యాక అసలు చిక్కు. బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం. ఆ వేళకు అంతెత్తు మేడకు తేనెటీగలు ఎన్నొస్తాయి? మగపువ్వు తుంచి, రేకులు తీసి, పిందె ఉన్న పువ్వుకు మనమే పుప్పొడి అంటించాలి. సీరియల్ టైమ్‌లో నేను ఫోన్ లైటు వేసుకుని మేడ మీద బీరపూలకు పెళ్లి చేస్తుంటే మా అత్తయ్య ఎవరికీ చెప్పుకోలేక అవస్థ పడుతుంటారు.

ఇంత చేశాక పండు ఈగ వస్తుంది. లేత పిందెను పొడిచి గుడ్లు పెడుతుంది. పొడిచిన చోట జిగురు కారి కాయ వంకర తిరిగిపోతుంది, కోస్తే లోపల పురుగులు. పిందె దశలోనే కాగితం సంచి తొడగడం, ఈగల్ని పట్టే ఎర బుట్ట కట్టడం, రాలిన కాయల్ని ఏరి పారేయడం, ఇవి చేస్తే కొంత దక్కుతుంది. కొంతే.

ఇంత చూసినవాళ్లు కూడా 'బయటివాళ్లు అమ్మేది విషం, మాది అమృతం' అని పోస్టులు పెడుతుంటే ఒళ్లు మండుతుంది. మందుల అవశేషాల భయం ఉత్తిదని నేననను. కూరగాయల మీద కొట్టకూడదని ప్రభుత్వం నిషేధించిన మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు కూడా వాడుతున్నారన్న ఫిర్యాదులు కొత్తవి కావు. కానీ నా బెండ మొక్కకు తెల్లదోమ ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు అంటిస్తే పీకి పారేసి సాయంత్రం కిలో బెండకాయలు కొనుక్కుంటాను. అదే తెగులు కౌలుకు తీసుకున్న ఎకరంలో వస్తే పీకడానికి ఎవరికి చేతులొస్తాయి? దోమను ఆపడానికి రైతు ఏ మందు దొరికితే అది కొడతాడు. 2023లోనే, జూలైలో అంత పలికిన టమాటాను సెప్టెంబరుకల్లా కర్నూలు జిల్లాలో రైతులు రోడ్డు మీద పారబోశారు. నాలుగు కుండీల అనుభవంతో వాళ్లకు నీతులు చెప్పడానికి మనమెవరం?

కోతుల గురించి రాయకపోతే ఈ పోస్టు పూర్తికాదు. తినేస్తే బాధుండేది కాదు. ప్రతి కాయనూ ఒక్క కొరుకు కొరికి పక్కన పడేస్తాయి. మిరప మొక్కల్ని కూడా వదలవు, పీకి చూస్తాయి. మా వీధిలో శనివారం వాటికి అరటిపళ్లు పెట్టే భక్తులే ఆదివారం నా దగ్గరికొచ్చి 'నెట్ కట్టించుకోండమ్మా' అంటారు.

చిక్కుడు విషయంలో కాస్త ఓపిక పట్టండి. సెప్టెంబరులో 'ఆకులే తప్ప కాయల్లేవు' అని పాదు కోసేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. మన నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేగాని పూతకు రాదు. దసరా, దీపావళి దాటనివ్వండి. సంక్రాంతికి కూరకు, రథసప్తమికి కాయల రథానికి, పరమాన్నం పెట్టే ఆకులకు కొరత ఉండదు. పేనుబంక పడితే నీళ్లలో కాస్త వేపనూనె, సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. చీమలు బారులు తీరాయంటే ఆకు వెనక చూడండి, బంక అక్కడే ఉంటుంది.

ఇక సొరకాయ. వండే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే మొహమాటం లేకుండా పారేయండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, చేదు సొరకాయ రసం తాగి చనిపోయినవాళ్లున్నారు. చేదు లేని కాయలైతే ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ నిండా ఉన్నాయి. పక్కింటి పిన్నిగారు నేను సంచితో కనబడితే తలుపేసుకుంటున్నారు. చిక్కుడు గింజలు కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి. సొరకాయలకైతే మెసేజ్ కూడా అక్కర్లేదు, నేరుగా వచ్చేయండి.