పన్ను లేదన్న మాట ఇంగ్లిష్ చానెల్ దాటదు

స్పెయిన్‌లోని కోస్టా బ్లాంకా తీరంలో స్థిరపడిన బ్రిటిష్ రిటైర్డ్ ఉద్యోగులను డబ్బు గురించి కదిలిస్తే ముందుగా వచ్చేది పౌండు రేటు మాటే. అందులో తప్పేం లేదు. 2016 జూన్‌లో బ్రెగ్జిట్ ఓటింగ్ నాటికి పౌండుకు 1.30 యూరోల దాకా వచ్చేవి. మరుసటి ఏడాది ఆగస్టు నాటికి అది 1.10 కిందకు జారింది. పెన్షన్ పౌండ్లలో తీసుకుని కరెంటు బిల్లు యూరోల్లో కట్టేవాళ్ల మీద ఆ భారం నేరుగా పడింది. అయినా నా లెక్కలో వాళ్లను ఎక్కువగా ముంచుతున్నది మారకపు రేటు కాదు, దేశం మారినా బ్రిటన్ ఇచ్చిన పన్ను రాయితీలు వెంటే వస్తాయన్న ధీమా.

బ్రిటన్‌లో ఐసా (ISA) అనే పొదుపు ఖాతానే తీసుకోండి. అందులో వచ్చే వడ్డీ మీద, లాభం మీద బ్రిటన్‌లో పైసా పన్ను ఉండదు. స్పెయిన్‌కు మాత్రం అది మామూలు పొదుపు ఖాతా. వడ్డీ, డివిడెండ్ ఏటా చూపించి పన్ను కట్టాల్సిందే. వడ్డీకి బదులు లాటరీ పద్ధతిలో బహుమతులిచ్చే బ్రిటన్ ప్రీమియం బాండ్లదీ ఇదే కథ.

అసలు చిక్కు పెన్షన్ నిధిలో ఉంది. 2 లక్షల పౌండ్లు కూడబెట్టినవాళ్లు బ్రిటన్‌లో ఉండగా అందులో 25 శాతం, అంటే 50 వేలు, పన్ను లేకుండా తీసుకోవచ్చు. పన్ను లెక్కల్లో స్పెయిన్ రెసిడెంట్ (నివాసి) అయ్యాక తీసుకుంటే అక్కడ పన్ను పడే అవకాశమే ఎక్కువ. పైగా బ్రిటన్ పన్ను ఏడాది ఏప్రిల్ 6న మొదలైతే స్పెయిన్‌ది జనవరి 1న మొదలవుతుంది. క్యాలెండర్ ఏడాదిలో 183 రోజులు దాటి అక్కడ ఉంటే ఏడాది మొత్తానికీ రెసిడెంటే. దిగిన తేదీ నుంచి లెక్కపెట్టే పద్ధతి లేదు. మే నెలలో మకాం మార్చినవాళ్లు మార్చిలో తీసుకున్న సొమ్ముకూ సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు. టికెట్లు కొనకముందే ఆడిటర్‌ను అడగాల్సిన విషయమిది.

విదేశాల్లోని ఖాతాలు, పెట్టుబడులు, స్థిరాస్తుల్లో ఏ ఒక్క విభాగం 50 వేల యూరోలు దాటినా స్పెయిన్ పన్ను శాఖకు మొడెలో 720 అనే ఫారం ఇవ్వాలి. దాని జరిమానాలు మితిమీరి ఉన్నాయని 2022 జనవరిలో యూరోపియన్ న్యాయస్థానం తప్పుపట్టింది. జరిమానాలు తగ్గాయి కదా అని ఫారం కూడా పోయిందనుకుంటే పొరపాటే.

అన్ని పెన్షన్లకూ ఒకే నియమం లేదు. మాజీ పోలీసు అధికారి సర్వీసు పెన్షన్ మీద పన్ను వేసే హక్కు బ్రిటన్‌దే. పక్కింట్లో ఉండే ప్రైవేటు కంపెనీ రిటైరీ తన పెన్షన్‌కు స్పెయిన్‌లో కడతాడు. ప్రవాసుల సంఘం మీటింగులో ఒకరు చెప్పింది ఇంకొకరు గుడ్డిగా పాటిస్తే కొంప మునుగుతుంది.

ఇక కమీషన్ మీద బతికే సలహాదారుల సంగతి. పెన్షన్ నిధిని మాల్టా లాంటి చోటికి మార్చుకోండని వీళ్లు తెగ ఊదరగొట్టారు. 2024 అక్టోబర్ 30 నుంచి బ్రిటన్ ఆ దారికి గేటు వేసింది. స్పెయిన్‌లో ఉంటూ మాల్టా పథకంలోకి మారిస్తే ఇప్పుడు సాధారణంగా 25 శాతం పన్ను పడుతుంది. సలహాకు గంటకింత అని ఫీజు తీసుకునేవాళ్లే నయం, కనీసం మనకు ఏదో ఒకటి అంటగట్టాల్సిన అవసరం వాళ్లకు ఉండదు.

యూరప్‌లో ఉన్నవాళ్లకు ఒక మేలు మాత్రం దక్కింది. బ్రెగ్జిట్ తర్వాత కూడా బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్ (స్టేట్ పెన్షన్) అక్కడ ఏటా పెరుగుతూనే ఉంది. 2025-26లో పూర్తి పెన్షన్ వారానికి 230.25 పౌండ్లు. ఇండియాకు ఆ పెంపు వర్తించదు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో పాతికేళ్లు పనిచేసిన తెలుగు డాక్టరు స్పెయిన్‌లోని అలికాంటెలో ఇల్లు కొనుక్కుంటే స్టేట్ పెన్షన్ ఏటేటా పెరుగుతుంది. ఆయనతో పనిచేసిన మరో డాక్టరు రిటైరై విజయవాడకు తిరిగొస్తే మాత్రం మొదట వచ్చిన మొత్తమే పదేళ్లయినా వస్తుంది, పెన్షన్ కోసం జీతంలోంచి కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ చందా ఇద్దరిదీ ఒక్కటే అయినా సరే.