ఓజోన్ పేరు చెప్పి యూరియాకు మంచి పేరా?

ఈ వారంలో ఆ సందేశం నాలుగోసారి వచ్చింది. పంపినవారంతా చదువుకున్నవారే, అదే నా బాధ. ఓజోన్ రంధ్రం పూడిపోతోందట. భూమి వేడెక్కే కొద్దీ ఇంకా త్వరగా పూడుతుందట. యూరియా చల్లిన పొలాల నుంచి వెలువడే నైట్రస్ ఆక్సైడ్ ఆసుపత్రుల్లో మత్తుకు వాడే మామూలు వాయువట, బరువు వల్ల ఓజోన్ పొర దాకా ఎక్కలేదట, దాన్ని ఎక్కువగా వదిలేది ప్రకృతేనట. అందుకని యూరియా ఎంత చల్లినా దోషం లేదట.

బరువు మాట ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఓజోన్‌ను దెబ్బతీసిన వాయువుల్లో ఒకటైన క్లోరోఫ్లోరోకార్బన్-11 నైట్రస్ ఆక్సైడ్‌కు మూడింతల బరువు, అయినా ఓజోన్ దాకా వెళ్లింది. మత్తు మాటకు జవాబే అక్కర్లేదు.

ప్రకృతి వాటా సగానికి పైనే, ఆ మాట నిజం. కానీ పరిశ్రమలు రాకముందు గాలిలో వంద కోట్ల భాగాలకు 270 భాగాలు ఉన్న ఈ వాయువు ఇప్పుడు 335 దాటింది. అడవులూ సముద్రాలూ ఉన్నట్టుండి ఎక్కువ వదలడం మొదలుపెట్టాయా? పెరిగినది ప్రధానంగా మన పొలాల నుంచి, పేడ నుంచి వచ్చిందే. ఒకసారి వదిలితే వందేళ్లకు పైగా ఉంటుంది.

ఇక అసలు ప్రమాదకరమైన మాట: వేడెక్కితే ఓజోన్‌కు మేలు. ఇందులో కొంత నిజముందని ఒప్పుకుంటాను. కార్బన్ డయాక్సైడ్ నేల దగ్గర వేడిని పెంచుతూనే పైన ఓజోన్ పొర ఉండే స్ట్రాటో ఆవరణాన్ని చల్లబరుస్తుంది. ఆ చలికి ఓజోన్‌ను తినే చర్యలు మందగిస్తాయి, నైట్రస్ ఆక్సైడ్ నుంచి పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ కూడా కొంత తగ్గుతుంది. కానీ సందేశం అక్కడే ఆగిపోయింది. ఆ నైట్రిక్ ఆక్సైడ్ ఒక ఓజోన్ అణువును విరగ్గొట్టి, తాను చెక్కుచెదరకుండా తిరిగొచ్చి మరోదాని మీద పడుతుందని వాతావరణ రసాయన శాస్త్రవేత్త పాల్ క్రుట్జెన్ 1970లోనే చూపించారు. ఇన్నాళ్లూ అది ఓజోన్‌ను తినే క్లోరిన్‌ను కొంత కట్టిపడేస్తూ ఒక చేత్తో మేలు కూడా చేసింది. క్లోరోఫ్లోరోకార్బన్లను కట్టడి చేసిన మాంట్రియల్ ఒప్పందం వల్ల క్లోరిన్ తగ్గేకొద్దీ ఆ మేలు తగ్గి కీడే మిగులుతుంది. ఇప్పుడు మనం వదులుతున్న వాటిలో ఓజోన్‌కు అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది నైట్రస్ ఆక్సైడేనని మైసూరు విశ్వవిద్యాలయంలో చదివిన శాస్త్రవేత్త రవిశంకర, ఆయన సహచరులు 2009లో లెక్కకట్టారు. అయినా 1987 నాటి ఆ ఒప్పందం దీన్ని నియంత్రించదు.

పైగా వేడెక్కితే వస్తుందన్న ఆ మేలు అందరికీ సమానం కాదు. వాతావరణం మారేకొద్దీ ఉష్ణమండలంలో గాలి మరింత జోరుగా పైకి లేస్తుందని, దాంతో అక్కడి దిగువ స్ట్రాటో ఆవరణంలో ఓజోన్ పలచబడుతుందని కంప్యూటర్ నమూనాలు చెబుతున్నాయి. ఉష్ణమండలమంటే ఎవరిదో కాదు, మన నెత్తిమీది ఆకాశమే. ఇక నైట్రస్ ఆక్సైడ్ అయితే, కిలోకు కిలో చూస్తే వందేళ్లలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. దీన్ని పెంచమని చెప్పడానికి నోరెలా వచ్చింది?

యూరియా బస్తా లెక్కే చూడండి. 45 కిలోల బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. మొక్కజొన్న చేలో చల్లితే అందులో సుమారు ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో పోతుందని సాధారణ అంచనా. అంటే 300 గ్రాములకు పైనే, వేడి లెక్కన దాదాపు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. యూరియాకు పట్టించే వేపనూనె పూత దీన్ని కొంత తగ్గిస్తుంది కానీ పూర్తిగా ఆపదు. మా బాబాయి ఒకేసారి కుమ్మరించడం మాని, ఆకు రంగు చూసుకుని మూడు దఫాలుగా వేస్తున్నాడు. ఎకరానికి ఒక బస్తా మిగిలింది, కండె మాత్రం తగ్గలేదు.

అలాగని రైతును నిందించను. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, భాస్వరం కూడా ఉండే డీఏపీ ఎరువు బస్తా 1,350. చేతిలో ఉన్న డబ్బుకు ఏది దొరికితే అదే చల్లుతాడు. రైతు మీద అంత ప్రేమ ఉన్నవారు ఆ ధరల గురించి రాసి పంపండి, నేనూ నలుగురికి పంపుతాను.