కాలేజీ సీటు అడ్డం పడదు

అబ్బాయికి పద్దెనిమిది నిండే వేళకి అమెరికాలోని మన ఇళ్లలో సెలెక్టివ్ సర్వీస్ మాట వస్తుంది, అంటే డ్రాఫ్ట్ (నిర్బంధ సైనిక సేవ) కోసం పేరు నమోదు. ‘డ్రాఫ్ట్ 1973లోనే పోయిందిగా, ఉత్త కాగితమే’ అని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. పోయిన మాట నిజమే. కానీ అమెరికాలో నిర్బంధ సైనిక సేవ నడిచిన రోజుల్లో ఎవరిని పట్టుకెళ్లారన్నదాని కంటే ఎవరు ఎలా తప్పించుకున్నారన్నదే అసలు చరిత్ర.

1863లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, 20 నుంచి 45 ఏళ్ల మగవాళ్ల పేర్లు రాసుకున్నారు. చీటీలో పేరొచ్చినా 300 డాలర్లు కడితే వదిలేసేవారు, లేదంటే బదులు మనిషిని పంపుకోవచ్చు. 300 అంటే అప్పట్లో కూలివాడికి దాదాపు ఏడాది సంపాదన. ఆ జులైలో న్యూయార్క్ భగ్గుమంది. చట్టం మీది కోపం నల్లవాళ్ల మీద తీర్చుకున్నారు, వాళ్ల పిల్లల అనాథాశ్రమాన్నీ తగలబెట్టారు. బదులు మనిషిని పెట్టుకున్న గ్రోవర్ క్లీవ్‌లాండ్ తర్వాత రెండుసార్లు అధ్యక్షుడయ్యాడు. 1917 నాటి డ్రాఫ్ట్ చట్టం ఈ బేరాన్ని నిషేధించింది.

వియత్నాం నాటికి డబ్బు స్థానంలోకి చదువు వచ్చింది. కాలేజీలో ఉంటే 2-ఎస్ వర్గం, అంటే చదువు అయ్యేదాకా పిలవరు. వాయిదా ఇవ్వాలో వద్దో ఊరి డ్రాఫ్ట్ బోర్డు చేతిలో ఉండేది. ఫీజు కట్టగలిగినవాడు క్లాసులోనూ, కట్టలేనివాడు క్యాంపులోనూ తేలాడు.

విమర్శలు ముదిరాక 1969 డిసెంబర్ 1న లాటరీ తీశారు. 366 నీలం ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కోదాంట్లో ఒక్కో పుట్టిన తేదీ. ఏ తేదీ ముందు చేతికొస్తే ఆ రోజు పుట్టినవాళ్లకి ముందు పిలుపు. మొదట వచ్చింది సెప్టెంబర్ 14. చూడ్డానికి ఇంతకంటే న్యాయం ఏముంటుంది? లోపం అంతకు ముందే, పెట్టెలో జరిగిపోయింది. జనవరి గొట్టాలు పోసి, వాటిలో ఫిబ్రవరివి కలిపి, ఆ మొత్తంలో మార్చివి కలిపి, అలా నెల తర్వాత నెల పోసుకుంటూ వెళ్లారు. జనవరివి పదేపదే కలిశాయి, డిసెంబర్‌వి ఒక్కసారే. గంపలో చివర పోసిన గింజలు పైపైనే ఉండిపోయినట్టు అవి ముందే చేతికొచ్చాయి. ఆ లాటరీలో 195వ నంబర్ దాకా పిలిచారు. డిసెంబర్ 31 రోజుల్లో ఆ గీత దాటి బయటపడ్డవి ఐదే! పిక్నిక్‌లో తంబోలా ఆడించేవాళ్లు కూడా సంచిని ఇంకాస్త బాగా కుదుపుతారు.

మరుసటి ఏడాది దిద్దుకున్నారు. ఒక డ్రమ్ములో తేదీలు, ఇంకో డ్రమ్ములో నంబర్లు వేసి, రెంటిలోంచీ ఒక్కోటి తీసి జత కట్టారు. ఒకదాంట్లో సరిగ్గా కలవకపోయినా రెండోది సరిచేస్తుంది. చదువు వాయిదాని 1971లో కత్తిరించారు. మన తల్లిదండ్రులు గమనించాల్సింది ఇక్కడే. డ్రాఫ్ట్ మళ్లీ వస్తే ఇప్పటి నియమాల ప్రకారం కాలేజీ కుర్రాడికి దొరికేది ఆ సెమిస్టర్ పూర్తయ్యేదాకా, ఆఖరి ఏడాదైతే ఆ విద్యా సంవత్సరం ముగిసేదాకా గడువు, అంతే. ముందు పిలిచేది ఆ ఏడాదిలో ఇరవై నిండేవాళ్లని, అంటే సరిగ్గా ఇంజినీరింగ్ మధ్యలో ఉండే వయసుని. ఇది సరైన మార్పే. మన పిల్లలకు వర్తిస్తుందని దీన్ని తప్పుపట్టడం కుదరదు.

ఇక కాగితం సంగతి. పౌరుడైనా, గ్రీన్ కార్డున్నా 18 నుంచి 25 ఏళ్ల మగపిల్లల పేరు నమోదై ఉండాలి. ఎఫ్-1 (విద్యార్థి వీసా), హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) స్టేటస్ సక్రమంగా ఉన్నంతకాలం అక్కర్లేదు. చిక్కు వచ్చేది మధ్యలో స్టేటస్ మారినప్పుడే. హెచ్-4లో ఉన్న కుర్రాడికి 20వ ఏట గ్రీన్ కార్డు వస్తే, ఇంటిల్లిపాదీ ఆ సంబరంలో పేరు నమోదైందో లేదో చూసుకోవడమే మరిచిపోతారు. 26 నిండాక చేద్దామన్నా కుదరదు. ఆ తర్వాత 31 లోపు పౌరసత్వానికి దరఖాస్తు చేస్తే, కావాలని ఎగ్గొట్టలేదని తనే నిరూపించుకోవాలి. గ్రీన్ కార్డు 26 దాటాకే వచ్చినవాళ్లకి ఆ బాధ లేదు, కాకపోతే అప్పటిదాకా ఏ వీసాలో ఉన్నారో చూపే ఐ-94లు (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-20లు (కాలేజీ ఇచ్చేవి), ఐ-797 నోటీసులు (ఇమిగ్రేషన్ శాఖ పంపేవి) వరసగా దాచుకోవాలి. ఇల్లు మారినప్పుడు ముందు పోయేవి అవే.