సవరణ: ‘సబ్‌స్క్రైబ్’ మెయిల్ పంపాల్సింది లిస్టు అడ్రసుకు కాదు

చిత్తూరు మామిడి రైతుల మెయిలింగ్ లిస్టులో చేరాలంటే ‘సబ్‌స్క్రైబ్’ అని రాసి లిస్టు అడ్రసుకే పంపమని మొన్న రాశాను. తప్పు నాదే. ఆ లిస్టు నడిచేది మెయిల్‌మ్యాన్ అనే మెయిలింగ్ లిస్టు సాఫ్ట్‌వేర్ మీద. దాని సూచనల ప్రకారం లిస్టు పేరు తర్వాత, ఎట్ గుర్తుకు ముందు, హైఫన్ పెట్టి ‘రిక్వెస్ట్’ అని చేర్చిన అడ్రసుకు పంపాలి. లిస్టు అడ్రసుకే పంపితే అది సభ్యులందరికీ రాసిన ఉత్తరం కింద లెక్క. లిస్టును చూసుకునే మోడరేటర్ దగ్గర ఆగిపోతుంది, లేదా తిరిగొస్తుంది.

సబ్జెక్టులో ‘సబ్‌స్క్రైబ్’ అనే ఒక్క మాటే, ఇంగ్లీషు అక్షరాల్లో. ‘దయచేసి చేర్చుకోండి సార్’ అంటే మిషనుకు ఎక్కదు. కింద సంతకం కూడా తీసేయండి, లేకపోతే ఫోన్ నంబరు లైనునూ ఆదేశమే అనుకుంటుంది.

జవాబుగా ‘కన్ఫర్మ్’ అనే మాట, దాని వెంట పొడుగాటి అక్షరాలూ అంకెలూ ఉన్న మెయిల్ వస్తుంది. సబ్జెక్టు ముట్టుకోకుండా రిప్లై కొడితే చాలు. కనబడకపోతే స్పామ్‌లో వెతకండి. మెయిల్‌మ్యాన్ వెర్షన్ 2లో ఆ రిప్లైకి మామూలుగా 3 రోజులే గడువు, దాటితే మళ్లీ మొదటికే.

జీమెయిల్ వాళ్లకు ఇంకో చిక్కు: అడ్రసులో చుక్క ఉన్నా లేకున్నా జీమెయిల్‌కు ఒకటే, మెయిల్‌మ్యాన్‌కు మాత్రం ఇద్దరు మనుషులు. ఏ అడ్రసుతో చేరారో దాంతోనే రాయండి.