మిద్దె ఎక్కి ఎన్నాళ్లయింది?

పోయిన నవంబరులో మా అనంతపురం ఇంట్లో హాలు పైకప్పు నుంచి అరచేయంత పెచ్చు ఊడి పడింది. సరిగ్గా అమ్మ మధ్యాహ్నం నడుం వాల్చే మంచం మీద. అప్పుడు ఆమె వంటింట్లో ఉంది. పైకి చూస్తే కమ్మి బయటపడి ఉంది, ఎర్రగా, పొరలు పొరలుగా ఉబ్బి. ఇల్లు కట్టి 26 ఏళ్లే.

చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది సిమెంటును తిట్టారు, మిగతావాళ్లు వానల్ని. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లా మనది. మన మిద్దెలు వానకు పోవడం లేదండీ. ఎవరూ పైకెక్కి చూడక పోతున్నాయి. ఈ మాట నన్ను నేనే అనుకుంటూ రాస్తున్నాను. ఆ పెచ్చు పడేనాటికి నేను మిద్దె ఎక్కి మూడేళ్లు దాటింది.

తాడిపత్రి దగ్గర మా ఊళ్లో జేజివాళ్లది మట్టిమిద్దె. తాత పెళ్లికి ముందు కట్టింది, నా పదో తరగతి దాకా అందులో కాపురం ఉన్నారు. ఏటా రోహిణి కార్తెలో, మృగశిర వానలు రాకముందే, తాత బండితో చౌడు, అంటే ఉప్పు మట్టి, తోలించేవాడు. గంపలతో పైకి మోసి పరిచేవాళ్లు. తూము దగ్గర మాత్రం జేజి ఎవరినీ నమ్మేది కాదు. తనే కూర్చుని, నీళ్లు చిలకరించి, అరచేత్తో వాటంగా మెత్తేది. చౌడులో సోడియం ఎక్కువ. తడిస్తే బంకమట్టి రేణువులు విడివడి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు కిందికి దిగకుండా తూము వైపు జారిపోతాయి. ఆ ఉప్పుకు గడ్డి కూడా సరిగా మొలవదు. కాకపోతే వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి మళ్లీ ఏడాదికి మళ్లీ పరచాల్సిందే. ఆ పని కోసం ఏటా ఒకసారి మనిషి పైకెక్కేవాడు, ఎక్కినవాడు మిద్దెంతా చూసేవాడు.

స్లాబ్ వచ్చాక ఆ ఎక్కడం పోయింది. పైగా మట్టిమిద్దె ఉరిస్తే ఆ రాత్రికే గిన్నెలు పెట్టుకోవాలి, తెల్లారితే బాగు చేసుకోవాలి. స్లాబ్ అలా చెప్పదు. లోపల ఏళ్ల తరబడి చెడి, పెచ్చు రాలినప్పుడు గానీ బయటపడదు.

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు కదా. పది మీటర్ల స్లాబ్ 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. రాత్రి చల్లబడి మళ్లీ ముడుచుకుంటుంది. ఎండాకాలమంతా రోజూ ఇదే. పిట్టగోడ, స్లాబ్ కలిసేచోట వెంట్రుకంత చీలిక వస్తుంది. అందులోకి దిగిన నీళ్లు కమ్మిని చేరతాయి. తుప్పు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది, అందుకే లోపలినుంచి నెట్టి పెచ్చులు ఊడగొడుతుంది. కమ్మి కింద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. కమ్మిని ఎత్తిపట్టే కవర్ బిళ్లలకు బదులు చేతికందిన కంకర రాయి పెట్టి పోస్తే ఆ మందం ఎక్కడ ఉంటుంది? నీళ్లు కొట్టే సంగతి సరేసరి. మనలాంటి ఎండ ప్రాంతంలో కనీసం 10 రోజులు స్లాబ్ తడిగా ఉండాలని కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. నడి మే నెలలో స్లాబ్ వేసి, నాలుగో రోజుకే ట్యాంకర్ ఖర్చని మానేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

ఆ రోజు పైకెక్కితే ఏం కనిపించిందో చెబుతాను. తూము గొట్టం నిండా వేపాకు కుళ్లి నల్లటి ముద్దయి ఉంది. వేలు పెడితే లోపల పిల్లల రబ్బరు బంతి తగిలింది. దాని వెనక నాలుగు వేళ్ల లోతు నీళ్లు, వాన పడి వారమైనా అలాగే. సరిగ్గా దాని కిందే అమ్మ మంచం. మూలన పిట్టగోడ అడుగున బొటనవేలంత లావు రావి మొక్క. ఇవేవీ ఒక్క వానకు వచ్చినవి కావు.

ఇంకోటి, పైన అంతస్తు వేద్దామని పిల్లర్ల కమ్ములు వదిలేశాం. వాటికి అప్పుడే సిమెంటు పాలు పూసి, పలచటి కాంక్రీటుతో మూసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు తుప్పు పిల్లర్ తలలోకి దిగింది. కర్నూలు, కడప, ఎక్కడ చూసినా మిద్దెల మీద ఆ కమ్ములే కనిపిస్తాయి నాకు.

డల్లాస్‌లో ఉండే మా చిన్నాయన కొడుకుతో ఇదంతా చెబితే, వాళ్ల షింగిల్ కప్పులకూ, అంటే తారు పలకలు పరిచిన కప్పులకూ, ఎండే శత్రువన్నాడు. ఎండకు తారు పెళుసవుతుంది, దాన్ని కాపాడే సన్నటి రాతి గింజలు రాలిపోతాయి. అటకలో వేడి గాలి పోయే దారి లేకపోతే ఇంకా త్వరగా చెడతాయట. వడగళ్లు పడిన ప్రతిసారీ వాన నీళ్ల కాలువలో గింజలు ఎన్ని చేరాయో చూస్తాడు. చూస్తాడు, అదీ నాకు నచ్చింది.

వాటర్‌ప్రూఫ్ పెయింటు అమ్మే అతను వచ్చి పదేళ్ల గ్యారంటీ అన్నాడు. తూములో నీళ్లు నిలబడితే ఆ గ్యారంటీ వర్తిస్తుందా అంటే జవాబు లేదు. ముందు తూములు శుభ్రం చేయించాం, మిద్దెకు మళ్లీ తూము వైపు వాటం పోయించాం, ఆపైన తెల్లసున్నం కొట్టించాం. ఈ వేసవిలో హాల్లో వేడి తగ్గిందని అమ్మే అంది. మంచం మాత్రం ఇంకా పాతచోటికి జరపలేదు. రావి వేరు గోడలోనే ఉంది. పిట్టగోడ అడుగున రెండు వరసలు విప్పితే గానీ రాదంటున్నాడు మేస్త్రి. ఆదివారం మొదలుపెడుతున్నాం.