ఎకినేషియా సీసా: వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు

ఇంట్లో ఒకరు తుమ్మితే చాలు జలుబుకి వాడే ఎకినేషియా అనే మూలికా మందు బయటికొచ్చేస్తుంది, పెద్దాళ్ళకి క్యాప్సూల్, కాస్త ఓపిక ఉన్నవాళ్ళకి టీ, పిల్లలకి డ్రాపర్‌తో చుక్కలు. సీసా మీద ఊదారంగు పువ్వు బొమ్మ, కింద "కుటుంబమంతటికీ ఇమ్యూన్ సపోర్ట్". మా ఇంట్లోనూ ఉంది, బంధువులు ప్రేమతో ఇచ్చారు. మావాడికి జలుబు చేసిన రాత్రి వాడికి పట్టే ముందు నేనే ఓ రెండు చుక్కలు నాలిక మీద వేసుకున్నా, నాలిక చిమచిమలాడి కాసేపు మొద్దుబారింది. ఆ చిమచిమ ఆల్కైలమైడ్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. అది తగలగానే మనసుకి "అబ్బో, గట్టి మందే" అనిపిస్తుంది చూశారా, ఈ వ్యాపారం సగం ఆ అనిపించడం మీదే నడుస్తోందని నా గట్టి నమ్మకం.

చరిత్ర ఎక్కువ లాగను. ఉత్తర అమెరికా మైదానాల మొక్క, అక్కడి ఆదివాసీలు పంటినొప్పికీ, గొంతునొప్పికీ, పాముకాటుకీ వాడారు. 19వ శతాబ్దంలో నెబ్రాస్కాలో మేయర్ అనే ఆయన దాన్ని రక్తశుద్ధి మందుగా అమ్ముకుంటూ, కావాలంటే మీ ముందే రాటిల్‌స్నేక్ అనే విషప్పాముతో కరిపించుకుని ఈ మందుతో బతికి చూపిస్తానని పెద్ద పెద్ద వాళ్ళకే సవాలు విసిరాడు. 1930ల్లో జర్మనీ నుంచి మాడాస్ అనే ఆయన అంగుస్టిఫోలియా రకం విత్తనాల కోసం అమెరికా వెళ్ళి, తీరా ఇంటికెళ్ళి నాటితే మొలిచింది పర్పూరియా రకం! ఆ తర్వాత జర్మనీలో జరిగిన పరిశోధన ఎక్కువ భాగం ఆ పొరపాటున దొరికిన మొక్క మీదే. ఇప్పటికీ ఎకినేషియా అంటే ఏ రకం, వేరా ఆకా పువ్వా, సారాయిలో నానబెట్టిందా ఎండబెట్టి పొడి చేసిందా అంటే సీసాకో సమాధానం. 2003లో ఓ అమెరికన్ అధ్యయనంలో షాపుల్లో దొరికే 59 రకాల ఉత్పత్తులు కొని పరీక్షిస్తే 6 వాటిలో కొలవడానికి కూడా ఎకినేషియా లేదు. నేతిబీరకాయలో నెయ్యి అంటారే, అదే.

అయితే ఇది పనిచేస్తుందనే అవతలివాళ్ళ దగ్గర కూడా కాగితాలున్నాయి, కాదనను. 2007లో 14 అధ్యయనాలు కలిపి చూసిన విశ్లేషణ ఒకటి జలుబు వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గుతుందని, వచ్చినా ఒకటిన్నర రోజు ముందే పోతుందని చెప్పింది. కార్డిఫ్‌లో 755 మంది మీద నాలుగు నెలలు నడిచిన ట్రయల్ కూడా కొంత లాభం చూపించింది, కాకపోతే దానికి డబ్బు పెట్టింది ఆ మందు తయారుచేసే కంపెనీయే. 2014లో వైద్య అధ్యయనాలన్నీ కలిపి తూచి చూసే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు 24 ట్రయల్స్, 4,631 మందిని ముందేసుకుని కూర్చుంటే తేలింది ఏంటంటే, జలుబు తగ్గించడంలో స్పష్టమైన లాభం కనపడలేదు, రాకుండా ఆపడంలో ఉంటే గింటే చాలా కొద్దిగా.

నాకు అసలు మంట ఈ "ఇమ్యూనిటీ బూస్ట్" అనే మాట మీద. ఇమ్యూనిటీని మనం ఫోన్ ఛార్జింగ్ లాగా ఊహించుకుంటున్నాం, 40 శాతం ఉంది, చుక్కలేస్తే 90 అవుతుంది అన్నట్టు. కానీ జలుబు అని మనం తిట్టుకునే ఆ ముక్కు కారడం, గొంతు మంట, ముక్కు దిబ్బడ, ఇదంతా చేసేది ఎక్కువగా వైరస్ కాదండీ, మన ఒళ్ళే! జలుబు తెచ్చే రైనోవైరస్ ముక్కు లోపలి పొరని పెద్దగా పాడుచెయ్యదు, దాన్ని చూసి మన రక్షణ వ్యవస్థ చేసే హడావిడే జలుబు. ఒంట్లో తయారయ్యే బ్రాడీకైనిన్ అనే రసాయనాన్ని ఏ వైరస్సూ లేని ఆరోగ్యవంతుల ముక్కులో స్ప్రే చేసినా గొంతు నొప్పి, ముక్కు దిబ్బడ వచ్చేశాయి. వైరస్ సోకినా ఏ లక్షణమూ లేకుండా తిరిగేవాళ్ళు బోలెడుమంది. అలాంటప్పుడు దేన్ని బూస్ట్ చేస్తారు స్వామీ, ముక్కు కారడాన్నా? రక్షణ వ్యవస్థ మరీ ఎక్కువ హుషారుగా ఉంటే ఏమవుతుందో ఆస్తమా, లూపస్, కీళ్ళవాతం ఉన్నవాళ్ళని అడగండి.

ఇంక పిల్లల సంగతి. 2003లోనే 2 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 407 మంది మీద ట్రయల్ చేశారు, జలుబు రోజులూ తగ్గలేదు, తీవ్రతా తగ్గలేదు, ఒంటి మీద దద్దుర్లు మాత్రం పోల్చి చూడ్డానికి ఇచ్చిన ఉత్తుత్తి మందు తీసుకున్నప్పుడు 2.7 శాతం ఉంటే ఎకినేషియాతో 7.1 శాతం. 2012లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 12 ఏళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని చెప్పింది. ఎవరికోసం ఎక్కువ కొంటున్నామో వాళ్ళకే వద్దన్న మందు ఇది, అయినా ఫ్యామిలీ ప్యాక్!

"మరి మాకు పనిచేసిందిగా" అంటారు. కాకి వాలింది, తాటిపండు రాలింది. జలుబు రెండో మూడో రోజుకి ముదిరి తర్వాత దానంతటదే దిగుతుంది, మనం మందు వెతికేది సరిగ్గా ముదిరినప్పుడే, ఇంక క్రెడిట్ ఎవరికి పోతుంది? అయితే ఇక్కడ నాకు భలే నచ్చిన లెక్క ఒకటుంది. 2010లో బ్యారెట్ అనే పరిశోధకుడి బృందం 719 మంది జలుబు పేషెంట్ల మీద చేసిన ట్రయల్‌లో కొందరికి అసలు మాత్రే ఇవ్వలేదు, కొందరికి ఉత్తుత్తి మాత్ర, కొందరికి నిజంది. మొత్తమ్మీద ఎకినేషియా వల్ల మహా అయితే అర్ధరోజు తేడా, అదీ లెక్కకి నిలవలేదు. కానీ ఎకినేషియా మీద ముందునుంచీ బాగా నమ్మకం ఉన్నవాళ్ళని విడిగా చూస్తే, అసలు మాత్ర ఇవ్వనివాళ్ళ కంటే ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళకి జలుబు రెండున్నర రోజులు ముందే తగ్గింది. ఎవరో పట్టించుకున్నారు, ఏదో చేశారు అనే భావానికే ఇంత పవర్ ఉందన్నమాట.

అదే నా అసలు గొడవ. పట్టించుకోవడానికి టైమ్ లేక సీసా కొంటున్నాం. 2009లో కోహెన్ అనే పరిశోధకుడి బృందం వాళ్ళు 153 మంది ముక్కుల్లో రైనోవైరస్ చుక్కలేసి చూశారు, ఏడు గంటల కంటే తక్కువ నిద్రపోయేవాళ్ళకి, ఎనిమిది గంటలు ఆపైన పడుకునేవాళ్ళ కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జలుబు పట్టింది. ఈ మాట సీసా మీద రాయలేరు, ఎందుకంటే నిద్రని అమ్మలేరు, పైగా మనకి ఇచ్చేవాడు కూడా లేడు. ఆఫీసులో జలుబుకి సెలవడిగితే బాస్ ముఖం చూడాలి, పిల్లాడు రెండ్రోజులు స్కూలు మానితే నోట్స్ ఎవరిస్తారని కంగారు, ముక్కు కారుతున్న పిల్లాణ్ణి పంపిస్తే పక్కనున్న నలుగురికీ అంటుతుంది, ఆ నలుగురి ఇళ్ళల్లో మళ్ళీ సీసాలు. ఒంట్లో బాగోలేకపోతే పడుకునే హక్కుని లాగేసుకుని చేతిలో చుక్కల మందు పెట్టారు, మనం దానికి ఆరోగ్యస్పృహ అని పేరు పెట్టుకున్నాం.

నచ్చి వాడతానంటే పెద్దాళ్ళు వాడుకోండి, యూరప్ మందుల సంస్థ చెప్పినట్టు పది రోజులు దాటకుండా. చామంతి జాతి మొక్కలు పడనివాళ్ళు, ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్ళు, ఇమ్యూనిటీని అణిచే మందులు వాడేవాళ్ళు జోలికి పోకండి.

మావాడికి ఆ రాత్రి చుక్కలు పట్టలేదు. మూడ్రోజులు స్కూలు మానిపించాం, చాలావరకు పడుకునే ఉన్నాడు. మొన్న నూరు శాతం హాజరు ఉన్న పిల్లలకి సర్టిఫికెట్లు ఇచ్చారు, లిస్టులో వాడి పేరు లేదు, ఇంటికొచ్చి కాసేపు అలిగాడు.